సైన్యం ఫిజికల్ టెస్ట్‌కి తయారవుతున్నారా? ముందు ఎముకల సంగతి చూసుకోండి

టెస్ట్ తేదీ తెలియగానే చాలామంది చేసేది ఒకటే. నిన్నటిదాకా వారానికి రెండు రోజులు పరిగెత్తినవాళ్లు మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రమూ గ్రౌండ్‌లోనే ఉంటారు. రెండు వారాలు బ్రహ్మాండంగా సాగుతుంది. ఆయాసం తగ్గుతుంది, టైమింగ్ మెరుగవుతుంది. మూడో వారంలో కాలు నొప్పి మొదలవుతుంది. టెస్ట్ రోజుకి కుంటుకుంటూ వస్తారు. కుర్రాళ్ల చేత ప్రాక్టీస్ చేయిస్తూ ఏళ్లుగా నేను చూస్తున్నది ఇదే. సత్తా లేక పోయినవాళ్ల కన్నా తొందరపడి అవకాశం పోగొట్టుకున్నవాళ్లే నాకు ఎక్కువ గుర్తు.

దీనికి కారణం ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొత్త శ్రమకి కొద్ది వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముక అలా కాదు. కొత్త ఒత్తిడి పడగానే అది ముందు తనలోని పాత భాగాన్ని కరిగించుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. కరిగించడం సుమారు మూడు వారాల్లో అయిపోతుంది, కట్టుకోవడానికి మూడు నెలలు పడుతుంది. అంటే ఊపిరి కుదిరి ‘ఇంకో రెండు రౌండ్లు వేసేయగలను’ అనిపించే రోజుల్లోనే లోపల ఎముక బలహీనంగా ఉంటుంది. సైనికుల పాదాల్లో వచ్చే వాపు, నొప్పి గురించి 1855లోనే ప్రష్యా సైన్యంలోని బ్రైట్‌హౌప్ట్ అనే డాక్టర్ రాశారు. ఎక్స్‌రేలు వచ్చాక అవి పాదం ఎముకల్లో పగుళ్లని తేలింది. దాన్ని ఇప్పటికీ మార్చ్ ఫ్రాక్చర్ అనే అంటారు.

కాబట్టి కనీసం పది పన్నెండు వారాలు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి. వారం వారం దూరాన్ని పదో వంతుకి మించి పెంచకండి. ఒకే వారంలో దూరమూ వేగమూ రెండూ పెంచకండి. మూడు వారాలు పెంచాక నాలుగో వారం తగ్గించండి. ఆ తగ్గించే వారమే ఎవరికీ మింగుడుపడదు, కానీ నేను పట్టుబట్టి చేయించేది దాన్నే.

మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి పెడుతుంటే ఒక పని చేయండి. కూర్చుని, బొటనవేలితో ఆ ఎముక లోపలి అంచు వెంట పైనుంచి కిందికి మెల్లగా నొక్కుకుంటూ రండి. జానెడు పొడవునా నొప్పి పరుచుకుని ఉండి, వార్మప్ అయ్యాక తగ్గుతుంటే అది సాధారణంగా పై పొర వాపే. కొన్నాళ్లు పరుగు తగ్గిస్తే సర్దుకుంటుంది. అలా కాకుండా వేలి కొన పట్టేంత ఒకేఒక్క చోట ప్రాణం పోయినట్టు అనిపిస్తే, పరిగెత్తే కొద్దీ పెరిగి రాత్రి పడుకున్నా సలుపుతుంటే, అది పగులు కావచ్చు. పరుగు ఆపి డాక్టర్‌కి చూపించండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు, కాబట్టి ఎక్స్‌రే బాగుందని మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లిపోకండి. ఎంఆర్ఐలో అయితే ముందే తెలుస్తుంది. గజ్జల్లో గానీ తుంటి దగ్గర గానీ నొప్పి వచ్చి, కాలు మోపితే ఎక్కువవుతుంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. తొడ ఎముక మెడ దగ్గర పగులు పూర్తిగా విరిగితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. అమ్మాయిలు ఇంకో విషయం గమనించుకోవాలి. ప్రాక్టీస్ పెరిగాక నెలసరి ఆగిపోతే, తింటున్నది శ్రమకి చాలడం లేదని, ఎముకలు పలచబడే ప్రమాదం ఉందని అర్థం.

ఇక ఎండ. ఒకసారి ప్రాక్టీస్‌లో ఒక అబ్బాయి మంచి టైమింగ్‌తో పరుగు పూర్తిచేసి, వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఒళ్లంతా చెమటే. ‘ఎన్ని రౌండ్లు అయ్యాయిరా?’ అని అడిగితే ‘ఇంకా మొదలెట్టలేదుగా’ అని నా మీద విసుక్కున్నాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని పిల్లవాడు. ఆ విసుగు చూసే నాకు భయమేసింది. నీడలోకి లాగి, బకెట్ల కొద్దీ చన్నీళ్లు పోస్తూ, తడిగుడ్డలు మారుస్తూనే అంబులెన్స్ పిలిపించాం. బతికి బయటపడ్డాడు.

వడదెబ్బ అంటే చెమట ఆగిపోయి చర్మం పొడిబారుతుందని చాలామంది అనుకుంటారు. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ధారగా కారుతూనే ఉండొచ్చు. చూడాల్సింది మనిషి తీరు. తికమకగా మాట్లాడటం, తూలడం, అకారణంగా కోపం, ఉన్నట్టుండి కూలబడటం. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. నుదుటి మీద పెట్టే థర్మామీటర్‌ని నమ్మకండి, అది తక్కువ చూపిస్తుంది. తల పైకి పట్టుకుని, మెడ దాకా ఐస్ నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టడం అన్నిటికన్నా మంచి పద్ధతి. తొట్టి లేకపోతే చన్నీళ్లు పోస్తూనే ఉండాలి. అరగంటలోపు వేడి దిగాలి. ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం.

గాలిలో తేమ, సూర్యరశ్మి, గాలి వేగం అన్నీ కలిపి వేడిని లెక్కగట్టే డబ్ల్యూబీజీటీ పద్ధతి 1950ల్లో పుట్టిందే అమెరికా మెరైన్ శిక్షణ శిబిరాల్లో వడదెబ్బలు ఆపడానికి. ఉక్కపోత రోజున చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఎండకి ఒళ్లు అలవాటు పడాలంటే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. టెస్ట్ ఏ వేళకి ఉంటుందో ఆ వేళకే, తక్కువ దూరంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి.

నీళ్లు తాగమని అందరూ చెబుతారు. అతిగా తాగినా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోయి, వాంతులు, తలనొప్పి, ఫిట్స్ వచ్చి ప్రాణాల మీదికి వస్తుంది. గంటకి సుమారు 1.4 లీటర్లు దాటకండి. పొద్దున మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు.

మూత్రం రంగు ఇంకో విషయం కూడా చెబుతుంది. కొన్నాళ్లు మానేసి ఒక్కసారిగా వందల కొద్దీ స్క్వాట్స్, పులప్స్ చేస్తే కండరం చితికి, అందులోని పదార్థం కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఒకటి రెండు రోజుల తర్వాత చేతులు చాపలేనంత నొప్పి, వాపు, మూత్రం నల్లటి డికాషన్ రంగులో రావడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తే అలవాటు మానుకోండి. అది పగులుని దాచిపెడుతుంది, నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీల మీద భారం వేస్తుంది. జలుబు మాత్రల్లో కొన్ని చెమటని తగ్గిస్తాయి. డీఎంఏఏ అనే ఉత్తేజకం కలిసిన శక్తి పౌడర్లు వాడిన సైనికులు చనిపోయాక, 2011లో అమెరికా సైన్యం వాటిని తన స్థావరాల దుకాణాల్లోంచి తీయించేసింది. ఎవరో ఇచ్చిన పొడి నీళ్లలో కలుపుకుని తాగకండి.

జ్వరం ఉన్న రోజున పరుగు వద్దు. వైరస్ గుండె కండరానికి పాకి ఉంటే శ్రమ ప్రాణాంతకం కావచ్చు. పరిగెత్తుతుండగానే ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం జరిగినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా ముందే గుండె పరీక్ష చేయించుకోండి. సికిల్ సెల్ లక్షణం, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగేలా చేసే వంశపారంపర్య గుణం, ఉందేమో కూడా రక్తపరీక్షలో చూసుకోండి. అది ఉన్నంత మాత్రాన పరుగు మానక్కర్లేదు. కానీ దమ్ము తీసుకోకుండా వరసగా స్ప్రింట్లు కొట్టకూడదు.

ఆఖరి వారం ప్రాక్టీస్ సగానికి తగ్గించండి. చివరి నాలుగు రోజుల్లో ‘ఒకసారి ఫుల్ టెస్ట్ ఇచ్చి చూసుకుందాం’ అనే టెన్షన్‌కి లొంగకండి. ఆ వారంలో కొత్తగా వచ్చే బలం ఏమీ ఉండదు, వచ్చేది అలసటే. బూట్లు కనీసం మూడు వారాలు వాడినవై ఉండాలి. బరువు తగ్గాలని నీళ్లు మానేయడం, చెమట సూట్లు వేసుకోవడం చేయొద్దు. తినేది అలవాటైన తిండే, రెండు మూడు గంటల ముందే. పులప్స్‌కి చేయి ఎటు తిప్పి పట్టుకోవాలో, గడ్డం బార్ దాటాలో లేదో నిబంధనల్లో చదివి అలాగే ప్రాక్టీస్ చేయండి.

గీత దాటాక టక్కున ఆగకండి. కాళ్లలోకి దిగిన రక్తం అక్కడే నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి. రెండు మూడు నిమిషాలు నడవండి. అయినా కళ్లు తిరిగితే పడుకుని కాళ్లు ఎత్తి పెట్టించుకోండి. నిమిషాల్లో తేరుకోకపోయినా, మాట తేడాగా ఉన్నా, పక్కనున్నవాళ్లు వెంటనే డాక్టర్‌ని పిలిచి, మీ మీద నీళ్లు పోయడం మొదలుపెట్టాలి. ఈ సంగతి టెస్ట్‌కి ముందు రోజే మీ తోటివాళ్లకి చెప్పి ఉంచండి.