మెకట్రానిక్స్ మొదటి పాఠం: ట్యాంకు నిండింది, మోటార్ బంద్ చెయ్యండి!

మా అపార్ట్‌మెంట్‌లో రోజు విడిచి రోజు పొద్దున్నే ఒక కేక వినిపిస్తుంది. "నీళ్లు పోతున్నయ్, మోటార్ బంద్ చెయ్యండీ!" అరిచేది మూడో అంతస్తు ఆంటీ, ఉరికేది వాచ్‌మన్. సంపు నింపుకోవడం, సంపులోంచి పైట్యాంకుకు ఎక్కించుకోవడం హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ కేకకూ మోటారు ఆగడానికీ మధ్య ఏం జరిగిందో మాత్రం ఒకసారి నెమ్మదిగా చూడండి. ట్యాంకు అంచు మీంచి నీళ్లు కారడం ఆంటీ కంటబడింది. కబురు కిందికి చేరింది. నిండిపోయింది కాబట్టి ఆపాలని వాచ్‌మన్‌కు తోచింది. చెయ్యి స్విచ్ మీద పడింది. చూడటం, కబురు మోయడం, తేల్చుకోవడం, చెయ్యడం. ఈ పనంతా ఒక చిన్న పెట్టెతో చేయిస్తే అదే మెకట్రానిక్స్. ఈ పాఠంలో ఆ పెట్టెను బకెట్ మీద, 5 వోల్టులతో చేస్తాం. ఇంటి మోటారు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఎందుకో మధ్యలో చెప్తాను, నా పరువు పోయిన కథే అది.

ఇది ఏ బ్రాంచి వాళ్ల పాఠం సార్ అని అడుగుతుంటారు. మెకానికల్ పిల్లలు కోడింగ్ అనగానే వెనక బెంచీకి జరుగుతారు. కంప్యూటర్ సైన్స్ పిల్లలకు స్క్రూడ్రైవర్ ఇస్తే దాన్ని ఫొటో తీసుకుంటారు. ఈసీఈ వాళ్లు సర్క్యూట్ చక్కగా గీస్తారు గానీ పంపు ఎందుకు నీళ్లెత్తట్లేదో వంగి చూడరు. ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చోవాల్సిన సబ్జెక్టు ఇది. పేరు కూడా అలాగే పుట్టింది. 1969లో జపాన్‌లోని యస్కావా ఎలక్ట్రిక్ ఇంజినీరు తెత్సురో మోరి మెకానిజంలోంచి సగం, ఎలక్ట్రానిక్స్‌లోంచి సగం తీసి అతికించాడు.

ఉదాహరణకు రోబో దాకా పోనక్కర్లేదు. ఇంటి ముందున్న బండి చాలు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బళ్లలో కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. గాలి ఎంత వస్తోందో, ఇంజను ఎంత వేడెక్కిందో సెన్సర్లు చెప్తాయి. ఎంత పెట్రోలు చల్లాలో ఒక చిప్పు లెక్క వేసి ఇంజెక్టరును అంతసేపే తెరుస్తుంది. అందుకే ఇదివరకు చెవి పెట్టి విని, స్క్రూ తిప్పి "సెట్ అయింది తమ్మీ" అనే మెకానిక్ అన్న ఇప్పుడు ముందు స్కానర్ తగిలిస్తున్నాడు.

ఆ లెక్క వేసే చిప్పే మైక్రోకంట్రోలర్. మైక్రోప్రాసెసర్‌కు మెమరీ, ఇన్‌పుట్ అవుట్‌పుట్ చిప్పులు బయట నుంచి తగిలించాలి. మైక్రోకంట్రోలర్‌లో అవన్నీ ఒకే చిప్పు లోపల సర్దేశారు, ఒంటిగది ఇంట్లో వంట, పడక, పూజ అన్నీ అక్కడే అన్నట్టు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీఎంఎస్ 1000 ఈ రకంలో 1974లో బజారుకొచ్చింది. ఇంటెల్ 8051 వచ్చింది 1980లో. దాన్ని ఇప్పటికీ పరీక్ష కోసం చదివేవాళ్లున్నారు. చదవండి, తప్పులేదు. కానీ చెయ్యి తిరగడానికి ఆర్డుయినో ఊనో తేలిక. మైక్రోకంట్రోలర్‌ను బిగించి, తీగలు గుచ్చుకోవడానికి పిన్నులు పెట్టిన చిన్న బోర్డు అది. కాబట్టి మనం దాంతో మొదలుపెడదాం.

ఊనో మీద నల్లగా ఉండే చిప్పు పేరు ఏటీమెగా 328పీ. ప్రోగ్రామ్ దాచుకోవడానికి 32 కిలోబైట్లు, పని చేసుకోవడానికి 2 కిలోబైట్ల ర్యామ్. మీ ఫోన్‌లో ఒక మామూలు వాట్సాప్ ఫొటో కూడా అందులో పట్టదు. అయినా సెకనుకు 1.6 కోట్ల టిక్కులు కొడుతుంది. ట్యాంకు నిండటానికి 20 నిమిషాలు పడితే, ఆలోగా దాని గడియారం 1,920 కోట్లసార్లు కొట్టుకుంటుంది. అంటే ఈ పనిలో చిప్పుకు తొందర లేదు, తెలివి కూడా పెద్దగా అక్కర్లేదు. కష్టమంతా నీళ్ల దగ్గర, తీగల దగ్గర ఉంది. ప్రాజెక్టు రిపోర్టులో ఆ భాగానికి అర పేజీ కూడా ఇవ్వరు, నాకు అదే చిరాకు.

సామాను కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. మెట్రోలో అయితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి నడవొచ్చు. ఊనో బోర్డు ఒకటి (క్లోన్ చాలు), యూఎస్‌బీ కేబుల్, జంపర్ వైర్లు, చిన్న ఫ్లోట్ స్విచ్‌లు రెండు, బొటనవేలంత ఉండే 5 వోల్టుల సబ్‌మెర్సిబుల్ పంపు, సింగిల్ ఛానల్ రిలే మాడ్యూల్ (చిన్న కరెంటు సైగ అందుకుని పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్). రెడీమేడ్ ప్రాజెక్టు డబ్బా కట్టిస్తామని ఎవరైనా అంటే నవ్వి వచ్చేయండి. వైవాలో "ఈ తీగ తీసేస్తే ఏమవుతుంది?" అన్న ఒక్క ప్రశ్నకు ఆ డబ్బా జవాబు చెప్పదు. ఈ పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పంపును ఇప్పుడే ముట్టుకోకండి. ముందు ఒక తమాషా చూడండి. 2వ నంబరు పిన్నుకు ఒక వైరు గుచ్చి, రెండో కొసను గాల్లో వదిలేయండి. ఆ పిన్నును ఇన్‌పుట్‌గా పెట్టి, చదివిన విలువను సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే మాటలు లాప్‌టాప్‌లో కనిపించే కిటికీ) చూపించే నాలుగు లైన్ల ప్రోగ్రామ్ ఎక్కించండి. ఇప్పుడు వైరు దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి. 0, 1, 0, 0, 1 అంటూ పూనకం వచ్చినట్టు ఊగుతుంది. దేనికీ కలపని పిన్ను అటూ కాదు, ఇటూ కాదు. గోడల్లోని 50 హెర్ట్జ్ కరెంటు ప్రభావం మీ ఒంటి మీదుగా దాన్ని తాకినా చాలు, మాట మారుస్తుంది. ఇప్పుడు పిన్‌మోడ్‌లో (పిన్ను ఏ పని చెయ్యాలో చెప్పే లైను) "ఇన్‌పుట్" బదులు "ఇన్‌పుట్ పుల్అప్" అని పెట్టండి. చిప్పు లోపలే ఉన్న 20 నుంచి 50 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఆ పిన్నును 5 వోల్టుల వైపు లాగి పట్టుకుంటుంది. చెయ్యి ఎంత ఊపినా 1 అంటే 1. వైరు కొసను గ్రౌండ్‌కు తాకిస్తే 0. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి: కలిస్తే 0, తెగితే 1.

ఇక ఫ్లోట్ స్విచ్. సన్నని కాడ, దాని చుట్టూ పైకీ కిందికీ జారే చిన్న ప్లాస్టిక్ పూస. కాడలో రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్), పూసలో అయస్కాంతం ఉంటాయి. నీళ్లలో పూస తేలితే లోపలి స్విచ్ మారుతుంది. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కాడ కొసన ఉన్న క్లిప్పు తీసి, పూసను తలకిందులు చేసి మళ్లీ ఎక్కిస్తే స్విచ్ స్వభావం తిరగబడుతుంది. తేలినప్పుడు కలిసేది తేలినప్పుడు విడిపోతుంది. మనకు కావాల్సింది ఈ రెండోదే. పూస కిందున్నప్పుడు స్విచ్ కలిసి ఉండాలి (0), నీళ్లొచ్చి తేలితే విడిపోవాలి (1). మీటరు లేకపోయినా సీరియల్ మానిటర్ చూస్తూ వేలితో పూసను లేపి సరిచూసుకోవచ్చు.

ఇంత పట్టింపు ఎందుకంటే టెర్రస్ మీద తీగలు తెగుతాయి. ఎండకు పెళుసెక్కుతాయి, ఎలుకలు కొరుకుతాయి, కోతులు లాగుతాయి. తీగ తెగిన రోజు పిన్ను 1 అంటుంది. మనం కట్టిన పద్ధతిలో 1 అంటే నీళ్లున్నాయని. కాబట్టి మోటారు ఆగుతుంది, కొత్తగా మొదలవ్వదు కూడా. నీళ్లు రావట్లేదని ఎవరో ఒకరు అరుస్తారు, మీరు వెళ్లి తీగ అతికిస్తారు. పూస రెండో వైపు ఉండి ఉంటే తెగిన తీగ ట్యాంకు ఖాళీ అని చెప్పేది, రాత్రంతా నీళ్లు మెట్ల మీద పారేవి.

మెట్ల మీద నీళ్లు పారడం నాకు స్వయంగా తెలుసు. మా మోటారుకు నేను మొదట కట్టిన పెట్టెలో ఫ్లోట్ ఒక్కటే. తేలితే ఆపు, దిగితే వెయ్యి, అంతే ప్రోగ్రామ్. కట్టిన రోజు అందరినీ పిలిచి చూపించాను కూడా. ఫ్లోట్ పైపు కిందే ఉంది. నీళ్లు పడుతుంటే అలలు, అలలకు పూస ఎగిరి దూకడం, రిలే టకటకటక. ఎవరైనా ఒక మగ్గు నీళ్లు వాడుకున్నా మళ్లీ టక్. రిలే మీద 10 ఆంపియర్లని రాసుంది, మోటారేమో నడిచేటప్పుడు 5, 6 ఆంపియర్లే తీసుకుంటుందని ధీమా. స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుందన్న సంగతి చదివానే గానీ ఆ సమయానికి గుర్తు రాలేదు. మూడో రోజు రాత్రి రిలే లోపల కలిసి విడిపోయే కాంటాక్టులు కరిగి అతుక్కుపోయాయి. నేను లేచి చూసేసరికి పెట్టె మీద లైటు ఆరిపోయి ఉంది, స్క్రీన్ మీద "మోటారు ఆఫ్" అని ఉంది, మోటారు మాత్రం హాయిగా తిరుగుతోంది. కోడ్‌లో ఒక్క తప్పు లేదు. అప్పట్నుంచి అసోసియేషన్ వాళ్లు నన్ను మోటారు దగ్గరికి రానివ్వలేదు. పొద్దున కేక ఇప్పటికీ ఎందుకు వినిపిస్తోందో అర్థమైందిగా.

దీనికి మందు రెండో ఫ్లోట్. బకెట్‌లో పైన ఒకటి, అడుగుకు నాలుగు వేళ్ల ఎత్తున ఒకటి బిగించండి. పైది 2వ పిన్నుకు, కిందిది 3వ పిన్నుకు, రెండింటి రెండో తీగలూ గ్రౌండ్‌కు. లాప్‌టాప్ తెరవకుండా ముందు కాగితం మీద తెలుగులో రాసుకోండి:

పై ఫ్లోట్ 1 అయితే, మోటారు ఆపు.
లేదంటే, కింది ఫ్లోట్ 0 అయితే, మోటారు వెయ్యి.
రెండూ కాకపోతే, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వు.

ప్రాణమంతా మూడో లైన్లో ఉంది. ప్రోగ్రామ్‌లో దానికంటూ ఏమీ రాయక్కర్లేదు. రాయకపోవడమే రాయడం. మావాళ్లలో చాలామంది చెయ్యి ఊరుకోక చివర్లో "ఎల్స్" (రెండూ కాకపోతే) అని పెట్టి మోటారు ఆపేస్తారు. అప్పుడు కింది ఫ్లోట్ తేలగానే పంపు ఆగిపోయి, మళ్లీ ఒకే ఫ్లోట్ కథకు వస్తాం. రెండు మట్టాల మధ్య నీళ్లు ఎక్కుతున్నప్పుడు మోటారు నడుస్తూనే ఉండాలి, అదే ఎత్తులో నీళ్లు దిగుతున్నప్పుడు ఆగే ఉండాలి. మట్టం ఒకటే, జవాబులు రెండు, అంతకుముందు ఏం జరిగిందన్న దాన్ని బట్టి. దీన్నే హిస్టరిసిస్ అంటారు. ఫ్రిజ్ గంటకు వందసార్లు కొట్టుకోకపోవడానికీ, ఇస్త్రీపెట్టె లైటు తీరిగ్గా వెలిగి ఆరడానికీ ఇదే కారణం.

పంపు సంగతి. ఊనో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే మర్యాద, 40 దాటితే చిప్పు కాలొచ్చు. ఈ బుల్లి పంపుకే దాదాపు 200 కావాలి. అందుకే మధ్యలో రిలే. పిన్ను రిలేకు సైగ మాత్రం చేస్తుంది, కరెంటు పాత ఫోన్ చార్జర్ నుంచి పంపుకు వేరే దారిలో వెళ్తుంది. చార్జర్ కేబుల్ కొస కోసి, లోపలి ఎర్ర తీగను రిలేలో "కామన్"కు, పంపు ఎర్ర తీగను "నార్మల్లీ ఓపెన్"కు బిగించండి. నల్లవి రెండూ నేరుగా కలపండి. పక్కనున్న "నార్మల్లీ క్లోజ్డ్"లో పెడితే బోర్డుకు కరెంటు పోయినప్పుడు పంపు తిరుగుతుంది, తీగ తెగిన కథే మళ్లీ. కొన్ని మాడ్యూళ్లు 0 ఇస్తే ఆన్ అవుతాయి, కొన్ని 1 ఇస్తే. మీది ఏదో పంపు తగిలించకముందే లైటు చూసి తేల్చుకోండి. పంపును నీళ్లున్న ఇంకో బకెట్‌లో (అది మన సంపు) ముంచి, దాని పైపు కొసను ఫ్లోట్లున్న బకెట్‌లో పెట్టాకే నడపండి, పొడిగా తిరిగితే పాడవుతుంది. ఇంటి 230 వోల్టుల మోటారుకు ఈ రిలే పనికిరాదు, దానికి కాంటాక్టరు అనే పెద్ద రిలే వేరే ఉంటుంది. అది చివరి పాఠంలో, అదీ ఎలక్ట్రీషియన్ పక్కన ఉంటేనే.

నడిచిందా? అయితే ఇప్పుడు చెడగొట్టండి. పంపు తిరుగుతుండగా పై ఫ్లోట్ తీగ పీకండి. ఆగాలి. కింది ఫ్లోట్ తీగ కూడా పీకి, పై తీగ తిరిగి పెట్టి, అప్పుడు బకెట్ ఖాళీ చెయ్యండి. మొదలవ్వకూడదు. కింది తీగ తిరిగి పెట్టి, బకెట్ సగం నిండినప్పుడు బోర్డు కరెంటు తీసి మళ్లీ పెట్టండి. పంపు ఊరికే ఉంటుంది, ఎందుకంటే ఇందాక నడుస్తున్నానన్న సంగతి అది మర్చిపోయింది. అది మంచిదా కాదా, కరెంటు పోయి వచ్చాక మీ ఇంట్లో ఎలా ఉంటే బాగుంటుంది అన్నది ఒక పేజీలో రాసి పెట్టుకోండి.

వచ్చే పాఠంలో ఫ్లోట్లు తీసేసి, అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో నీటి మట్టం కొలుద్దాం. అది చప్పుడు పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కడుతుంది. ధ్వని 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355 మీటర్ల చొప్పున వెళ్తుంది. జనవరి ఉదయం 20 డిగ్రీలప్పుడు సరిచేసి పెట్టిన సెన్సర్, మే నెల మధ్యాహ్నం ట్యాంకు మూత కింద 40 డిగ్రీల గాలిలో, నిజంగా 100 సెంటీమీటర్ల కింద ఉన్న నీటిని ఎంత దూరంలో ఉందని చెప్తుంది? లెక్క వేసుకుని రండి.