టేప్ బ్యాకప్‌లోంచి ఫైళ్లు వెనక్కి తీయడం ఎలా? (ఉన్నవి పోగొట్టుకోకుండా)

"అన్నా, ఫోల్డర్ ఎగిరిపోయింది, బ్యాకప్ ఉంది కదా అని మేమే తీసుకుందామని చూశాం, ఇప్పుడు ఉన్నవి కూడా కనిపిస్తలేవ్."

ఈ ఫోన్ నాకు ఏడాదికి మూడు నాలుగు సార్లయినా వస్తది. మొదటి సగం వింటే ఏం కాదు, బ్యాకప్ పెట్టుకున్నదే అందుకు. రెండో సగం వింటేనే బీపీ లేస్తది. అందుకే ఒకసారి మొత్తం రాసి పెడదామని కూర్చున్నా, ఇకనుంచి ఎవరు అడిగినా ఇదే పంపిస్తా.

నేను చెప్పేది లినక్స్ సర్వర్ మీద అమాండాతో తీసిన బ్యాకప్ గురించి. తెలియనోళ్లకు ఒక్క ముక్క: ఇది అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్, పేరులో ఉన్న 'ఎం' ఆ మేరీలాండే. రాత్రిపూట ఆఫీసులో ఉన్న మెషిన్లన్నిటి డేటాని నెట్‌వర్క్ మీద లాగి టేప్ మీదో డిస్క్ మీదో పెడతది. నేను పదేళ్లుగా దీన్నే పట్టుకు వేలాడడానికి కారణం ఒకటే, సర్వర్ చచ్చిపోయినా, అమాండా ఎక్కడా ఇన్‌స్టాల్ అయి లేకపోయినా, ఏ లినక్స్‌లోనైనా ఉండే డీడీ (టేపు చదివేది), జీజిప్ (కుదించింది విప్పేది), టార్ (మూటలోంచి ఫైళ్లు తీసేది) ఈ మూడు ఉంటే డేటా బయటికి వచ్చేస్తది. డబ్బులు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ ఒకదాని టేపులు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, లైసెన్స్ అయిపోయింది, ఏ టేపులో ఏముందో చెప్పే క్యాటలాగ్ ఉన్న మెషిన్ కాలిపోయింది, ఇప్పుడవి పేపర్లు ఎగరకుండా పెట్టుకోడానికి పనికొస్తున్నాయ్.

క్లౌడ్ ఉండగా టేప్ ఎందుకన్నా అని అడిగేవాళ్లకి కూడా చెప్తా. 100 ఎంబీపీఎస్ లైన్ మీద 1 టీబీ దింపాలంటే, లైన్ ఒక్క నిమిషం కూడా జారకపోతే, 22 గంటలు. ఎల్‌టీఓ-5 టేప్ (ఎల్‌టీఓ అంటే బ్యాకప్ టేపుల్లో ఒక రకం, పక్కన నంబరు దాని తరం) సెకనుకి 140 ఎంబీ చదువుతది, అదే 1 టీబీ రెండు గంటల్లో అయిపోతది. రోడ్డు తవ్వినప్పుడల్లా ఫైబర్ తెగే ఊళ్లో ఇంకేం చెప్పాలి.

కావలసినవి: టేప్ చదవగలిగే డ్రైవ్, రెస్టోర్ చేసే డేటాకి రెండింతలు ఖాళీ ఉన్న వేరే డిస్క్, ఒక నోట్‌బుక్, పెన్ను. నోట్‌బుక్ అంటే కాగితందే. డ్రైవ్ విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎల్‌టీఓ-7 వరకు డ్రైవ్‌లు రెండు తరాలు వెనకవి చదువుతాయి, 8, 9 ఒక్క తరమే. అంటే ఎల్‌టీఓ-6 టేప్ పట్టుకుని, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో చౌకగా దొరికిందని ఎల్‌టీఓ-8 డ్రైవ్ కొంటే అది చదవదు, అంతే.

స్టెప్ 1: టేప్‌కి లాక్ వెయ్యండి. కార్ట్రిడ్జ్ అంచున చిన్న స్లైడర్ ఉంటది, దాన్ని తాళం బొమ్మ వైపు జరపాలి. డ్రైవ్‌లో పెట్టకముందే. టార్‌లో 'ఎక్స్' (ఫైళ్లు బయటికి తియ్యి) కొట్టాల్సిన చోట 'సీ' (కొత్త మూట కట్టు) కొడితే ఉన్న బ్యాకప్ మీదే కొత్తది రాసేస్తది, కీబోర్డ్ మీద ఆ రెండు అక్షరాలు పక్కపక్కనే ఉంటాయి, చూసుకోండి. ఇంకోటి, టేపుని మే నెల ఎండలో స్కూటీ డిక్కీలో తెచ్చి తెచ్చినట్టే డ్రైవ్‌లో దోపొద్దు, అవి 16 నుంచి 25 డిగ్రీల్లో ఉండాల్సినవి. నేనైతే ఏసీ రూములో ఒక రాత్రి ఉంచకుండా ముట్టను, క్లయింట్ ఎంత లొల్లి పెట్టినా సరే.

స్టెప్ 2: ఏ టేపు, దానిలో ఎన్నో ఫైలు (ఇక్కడ ఫైలు అంటే టేపు మీద వరసగా ఉన్న బ్యాకప్‌లలో ఒకటి). అమాండా రోజూ పంపే రిపోర్ట్ మెయిల్ చూడండి, లేకపోతే అమ్‌అడ్మిన్ అనే అమాండా కమాండ్‌లో ఫైండ్ కొట్టండి, తేదీ, మెషిన్, లెవెల్ (0 అంటే మొత్తం బ్యాకప్, 1, 2 అంటే దాని తర్వాత మారినవి మాత్రం), టేపు లేబుల్, ఫైలు నంబరు వరసగా చూపిస్తది. నోట్‌బుక్‌లో రాసుకోండి. అమ్‌రికవర్ అని వేరే టూల్ ఉంది, ఇండెక్స్ (ఏ ఫైలు ఏ బ్యాకప్‌లో ఉందో అమాండా రాసుకునే పట్టిక) బాగున్న రోజు దాన్నే వాడుకోండి, కాదనను. నేను చేత్తో చేసే పద్ధతే చెప్తున్నా, ఎందుకంటే ఇండెక్స్ బాగున్న రోజు నాకెవరూ ఫోన్ చెయ్యరు.

స్టెప్ 3: టేపుని ఆ ఫైలు దగ్గరికి తిప్పడం. ఎంటీ కమాండ్. ఇక్కడ డ్రైవ్‌కి రెండు పేర్లుంటాయి, ఎస్‌టీ0, ఎన్‌ఎస్‌టీ0. ముందు 'ఎన్' ఉన్నదే వాడాలి, అది నో రివైండ్. ఎన్ లేనిది వాడితే మీరు ఏడో ఫైలు దాకా తీసుకెళ్తారు, కమాండ్ అయిపోగానే అది బుద్ధిగా మొదటికి తిరిగొచ్చి కూర్చుంటది, మీకు తెలియను కూడా తెలియదు. ఎంటీకి ఎఫ్‌ఎస్‌ఎఫ్ 7 ఇస్తే ఉన్నచోటు నుంచి ఏడు ముందుకి అని అర్థం, ఓపిక లేక రెండుసార్లు కొడితే పద్నాలుగో దాని దగ్గరుంటారు. నేను ఏఎస్‌ఎఫ్ తప్ప వాడను, అది ముందు రివైండ్ చేసుకుని అప్పుడు లెక్కపెడతది. టేపు మీద మొట్టమొదట, సున్నా నంబరులో లేబుల్ ఉంటది కాబట్టి రిపోర్ట్‌లో 7 అని ఉంటే ఏఎస్‌ఎఫ్ 7 సరిగ్గా సరిపోతది, ఒకటి కలపడం తీసెయ్యడం లాంటి తెలివితేటలు వద్దు.

డిస్క్ మీద బ్యాకప్ అయితే ఈ స్టెప్పే లేదు, స్లాట్ ఫోల్డర్లోకి వెళ్తే నంబరు, మెషిన్ పేరు, లెవెల్‌తో ఫైళ్లు ఉంటాయి, కావలసింది తీసుకోవడమే.

స్టెప్ 4: హెడర్ చదవండి. ప్రతి బ్యాకప్ ఫైలుకి ముందు 32 కేబీ హెడర్ ఉంటది, మామూలు అక్షరాల్లోనే. డీడీకి బ్లాక్ సైజ్ 32కే, కౌంట్ 1 ఇస్తే స్క్రీన్ మీద పడతది: తేదీ, మెషిన్ పేరు, డిస్క్, లెవెల్, కంప్రెస్ అయ్యిందా లేదా. నోట్‌బుక్‌లో రాసుకున్నదానితో పోల్చుకోండి. టేపు మీద అయితే హెడర్ చదవగానే టేపు ఒక బ్లాక్ ముందుకి జరిగిపోయి ఉంటది, ఇప్పుడు డీడీకి మళ్లీ స్కిప్ 1 (మొదటి బ్లాక్ వదిలెయ్ అని) ఇస్తే అసలు డేటాలో మొదటి ముక్క పోయి, ఇది జీజిప్ ఫైలే కాదని ఎర్రర్ వస్తది. టేపు పాడైందని చాలామంది డిసైడ్ అయ్యేది ఇక్కడే, నిక్షేపంలాంటి టేపులు చెత్తబుట్టలోకి పోవడం నేను కళ్లారా చూశా. మళ్లీ ఏఎస్‌ఎఫ్ కొట్టి మొదటికి రండి, అప్పుడు స్కిప్ 1. హెడర్‌లో స్ప్లిట్ ఫైల్ అని కనిపిస్తే మాత్రం బ్యాకప్‌ని పార్టులుగా కోశారని అర్థం, ప్రతి పార్ట్‌కీ హెడర్ తీసేసి వరసగా అతికించుకోవాలి.

స్టెప్ 5: ఇదీ అసలు సంగతి. ఇక్కడ నెమ్మదిగా చదవండి.

హెడర్ చివర్లో అమాండా వాళ్లు పాపం మంచి మనసుతో, రెస్టోర్ చెయ్యాలంటే ఈ కమాండ్ కొట్టండి అని పూర్తి కమాండే రాసి పెడతారు. డీడీ, దాని తర్వాత జీజిప్, దాని తర్వాత టార్. అందరూ చేసేది ఏంటంటే, ఫైలు పోయిన ఫోల్డర్లోకే వెళ్లి, ఆ లైన్ కాపీ చేసి, పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టి, చాయ్ తాగడానికి బయటికి పోతారు.

ఆ టార్ ఆప్షన్లలో ఒక పెద్ద 'జీ' ఉంటది. ఇంక్రిమెంటల్ అని దాని అర్థం. ఆ జీతో ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే టార్ ఫైళ్లని తెచ్చి పెట్టి ఊరుకోదు, ఆ ఫోల్డర్ని బ్యాకప్ తీసిన రాత్రి ఎలా ఉందో అచ్చం అలాగే చెయ్యడానికి చూస్తది. అంటే ఆ రాత్రి లేని ఫైలు ఏదైనా ఇప్పుడు ఆ ఫోల్డర్లో ఉంటే దాన్ని తీసేస్తది. అడగదు. ఇది బగ్ కాదు, టార్ మాన్యువల్లో శుభ్రంగా రాసే ఉంది, చదివేవాడే లేడు.

హైదరాబాద్ నల్లకుంటలో ఒక ప్రింటింగ్ ప్రెస్. పెళ్లిళ్ల సీజన్. ఒక కస్టమర్ ఫోల్డర్ పొరపాటున డిలీట్ అయ్యింది, ఒక్కటంటే ఒక్కటే. సిస్టమ్స్ చూసే కుర్రాడు జాబ్స్ అన్నీ ఉండే ఫోల్డర్లో నిలబడి హెడర్‌లోని లైన్ కొట్టేశాడు, అలవాటు కొద్దీ 'వీ' (చేసేదంతా స్క్రీన్ మీద చూపించు అని) కూడా కలిపాడు. స్క్రీన్ మీద పేర్లు పరిగెత్తుతున్నాయ్, మధ్య మధ్యలో 'డిలీటింగ్' అని లైన్లు, వాడేమో పాత చెత్త ఏదో క్లీన్ చేస్తోందనుకున్నాడు. పోయిన ఫోల్డర్ వచ్చింది. పొద్దున తొమ్మిదింటి నుంచి డీటీపీ ఆపరేటర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పెళ్లికార్డులన్నీ పోయాయ్, పాత ఫైళ్లలో ఆ పూట చేసిన కరెక్షన్లు కూడా పోయాయ్, వాటి మీద రాత్రి కాపీలు కూర్చున్నాయ్. నేను వెళ్లేసరికి ఆమె కస్టమర్లు చేత్తో రాసిచ్చిన కాగితాలు బోర్డుకి పిన్ను గుచ్చినవి తీసుకుని, గోత్రాలు, ముహూర్తాలు మళ్లీ మొదటినుంచి టైప్ చేస్తోంది. తల ఎత్తి నా వైపు చూడను కూడా చూడలేదు.

కాబట్టి రూల్: కొత్త, ఖాళీ ఫోల్డర్, వేరే డిస్క్ మీద. పేరు ఏదైనా పెట్టుకోండి, నేను తేదీ పెడతా. అందులోకి వెళ్లి, ఎక్కడున్నారో పీడబ్ల్యూడీ కొట్టి చూసుకోండి. మళ్లీ ఎల్ఎస్ కొట్టి ఖాళీగా ఉందో లేదో చూడండి. ఇంకోసారి పీడబ్ల్యూడీ. నవ్వుకోండి పర్లేదు, నేను ఇప్పటికీ మూడుసార్లూ చేస్తా.

తర్వాత కూడా సీదా ఎక్స్‌ట్రాక్ట్ కాదు. ముందు టార్‌కి 'టీ' ఇచ్చి లిస్ట్ మాత్రం తీసి ఫైల్లో పెట్టుకోండి. మీకు కావలసిన పేరు అందులో వెతకండి. ఆ లిస్ట్‌లో పేర్లు చుక్క, స్లాష్‌తో మొదలవుతాయి, ఎక్స్‌ట్రాక్ట్ చేసేటప్పుడు అచ్చం అలాగే ఇవ్వాలి, చుక్క మర్చిపోతే అలాంటి ఫైలు లేదంటది, మీరు కంగారు పడతారు. టేపు మీద అయితే లిస్ట్ అయ్యాక మళ్లీ ఏఎస్‌ఎఫ్, సరేనా.

ఒక్క ఫైలో రెండు ఫైళ్లో కావాలంటే జీ అసలు అవసరమే లేదు, పేరు ఇచ్చి 'ఎక్స్', 'పీ' చాలు. మొత్తం ఫోల్డర్ కావాలి, లెవెల్ 0 తర్వాత లెవెల్ 1, లెవెల్ 2 కూడా ఉన్నాయి అంటే అప్పుడు జీ కావాలి. ఆ ఖాళీ ఫోల్డర్లోనే ముందు 0, తర్వాత 1, తర్వాత 2, వరస తప్పొద్దు. ఇక్కడ జీ చేసే డిలీట్ మనకి మంచిదే, మధ్యలో తీసేసినవి, పేరు మార్చినవి దయ్యాల్లా తిరిగి రాకుండా ఆపతది. జీ లేకుండా చేసి, ఒక్కో బిల్లు రెండు పేర్లతో వచ్చి, ఏది అసలో తెలియక నెత్తి పట్టుకున్న అకౌంట్స్ ఆఫీసు కూడా నాకు తెలుసు. అంటే జీ మంచిదే, మీరు పని చేసుకుంటున్న ఫోల్డర్లో మాత్రం దానికి పని లేదు.

ఇదంతా స్క్రీన్ అనే టూల్ లోపల చెయ్యండి, పుట్టీ (సర్వర్‌కి కనెక్ట్ అయ్యే విండో) కట్ అయినా పని ఆగదు. సాయంత్రం ఆరు దాటితే నేను మొదలుపెట్టను.

స్టెప్ 6: ఫైల్ తెరిచి చూడండి, సైజు చూసి సంబరపడొద్దు. ఆ ఫైలు వాడే మనిషిని పిలిచి వాళ్ల చేతే తెరిపించండి. వాళ్లు సరే అన్నాక, కావలసింది మాత్రం అసలు ఫోల్డర్లోకి కాపీ చెయ్యండి, సీపీకి 'ఏ' ఇస్తే తేదీలు, ఓనర్లు అలాగే ఉంటాయి. కాపీకి ఆర్‌సింక్ అనే టూల్ వాడేవాళ్లు డిలీట్ ఆప్షన్ జోలికి పోవద్దు, లేకపోతే నల్లకుంట కథ మళ్లీ మొదలు. అదే పేరుతో పాత ఫైలు అక్కడుంటే దాని పేరు మార్చి పక్కన పెట్టండి, తీసెయ్యకండి.

రెస్టోర్ చేసిన ఫోల్డర్ వారం రోజులు ఉండనివ్వండి. ఎవరో ఒకరు మూడో రోజు వచ్చి "సార్, ఇంకొకటి కూడా ఉండె" అంటారు. టేపు బయటికి తీసి, డబ్బాలో పెట్టి, రొటేషన్‌లో ఉన్న టేప్ అయితే మొదట్లో వేసిన లాక్ స్లైడర్ వెనక్కి జరపండి. అది మర్చిపోతే దాని వంతు వచ్చిన రాత్రి బ్యాకప్ టేపు మీదికి ఎక్కదు.