పాత టోపో షీటు మీది బకింగ్‌హాం కాలువను నేటి మ్యాపు మీద కూర్చడం

చెన్నై నుంచి పులికాట్ మీదుగా పెదగంజాం దాకా పడవలు నడిచిన దారి నేటి మ్యాపుల్లో ముక్కలుగానే కనిపిస్తుంది. పాత టోపో షీటును (సర్వే మ్యాపును) క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో నేటి మ్యాపుకు కూర్చి గీసుకుంటే రేవులతో, లాకులతో సహా దొరుకుతుంది. జార్జిటౌన్, రాయపురం, ఎన్నూరు 66 సి/8 నంబరు షీటులో ఉంటాయి. పులికాట్ 66 సి/7లో.

అంగుళానికి మైలు షీటు (1:63,360) అయితే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే చాలు, ఒక్కో చుక్క నేల మీద ఐదు మీటర్లకు కాస్త ఎక్కువ. ఫోన్‌తో ఫొటో తీస్తే అంచులు వంగుతాయి. గుడ్డ మీద ముక్కలుగా అతికించిన షీటైతే మడతల దగ్గర సందులుంటాయి కాబట్టి ఏ ముక్కకు ఆ ముక్క విడిగా కూర్చాలి. విసుగు పనే, దగ్గరిదారి లేదు.

ముందు అక్షాంశ రేఖాంశాల గళ్ల మూలలు ఇవ్వండి. ఇవి ఎవరెస్ట్ గోళాకారం (భూమి ఆకారానికి పాత సర్వే వాడిన కొలత) మీద లెక్కించినవి. స్వాతంత్ర్యం తర్వాతి షీట్లకు సాఫ్ట్‌వేర్‌లో ఆ కొలతకు సరిపడే కళ్యాణ్‌పూర్ 1975 ఎంచుకోవాలి. నేరుగా డబ్ల్యూజీఎస్ 84 (నేటి జీపీఎస్ వాడే కొలత) అని పెడితే చెన్నై దగ్గర దాదాపు 200 మీటర్లు జరుగుతుంది, కాలువ పక్క వీధిలోకి వెళ్లిపోతుంది. పందొమ్మిదో శతాబ్దపు షీట్లకైతే మార్జిన్‌లో మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశం గురించి ఏమన్నా రాశారేమో చూడండి. ఆ పాత రేఖాంశానికీ నేటి లెక్కకూ ఉన్న రెండున్నర నిమిషాల తేడా అంటే ఇక్కడ నాలుగున్నర కిలోమీటర్లు!

తర్వాత నేల మీది గుర్తులతో సరిచూడాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సముద్రపు అంచు, కూవం, అడయారు మొగలు, పులికాట్ ముఖద్వారం వాడకూడదు. హార్బరు కట్టాక దానికి దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా వెడల్పయింది, ఉత్తరాన తిరువొత్తియూరు వైపు తీరం కోసుకుపోయింది. ఇసుక మేటలతో మొగలూ జరుగుతుంటాయి. 1856లో తెరిచిన రాయపురం స్టేషను, పాత గుళ్లు, చర్చిలు, రైలు వంతెనలు నమ్మదగినవి. లాకుల రాతికట్టు మిగిలి ఉంటే మరీ మంచిది.

షీటునంతా ఒకేలా జరిపి, తిప్పి, సాగదీసే మొదటి తరగతి పాలినామియల్ పద్ధతికి మూడు బిందువులు చాలంటుంది సాఫ్ట్‌వేర్. ఎనిమిదైనా ఇవ్వండి, షీటంతా పరచండి. సగటు తప్పు ఆరు చుక్కల లోపుంటే, అంటే సుమారు 30 మీటర్లు, సరిపోతుంది. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే మరో పద్ధతి జోలికి వెళ్లకండి: ప్రతి బిందువునూ బలవంతంగా కలిపేస్తుంది కనుక తప్పు సున్నా చూపి, తప్పుడు బిందువును దాచేస్తుంది.

గీసేటప్పుడు కాలువ, బండిబాట, రైలు వేర్వేరు లేయర్లలో ఉంచండి. నగరంలో పాత షీటు మీది వెడల్పే తీసుకోవాలి. ఎంఆర్‌టీఎస్ (చెన్నై నగర రైలు మార్గం) స్తంభాలు కాలువలోనే దిగిన చోట్ల నేటి ఉపగ్రహ చిత్రం చూసి గీస్తే పడవలు పట్టనంత సన్నగా వస్తుంది.