నడుము కోటు – మూడో పాఠం: నడుము ఎక్కడుంది?

కిందటి పాఠంలో గుడ్డ ఎంచుకున్నాం. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేసి పెట్టమన్నాను. ఆ పని చేయకుండా ఈ పాఠం మొదలుపెట్టకండి. చేత్తో వడికిన నూలు మొదటి ఉతుకులోనే బాగా కుంచించుకుపోతుంది. అది కుంచించుకోవలసింది మన బకెట్లో, కుట్టడం పూర్తయ్యాక తొడుక్కునేవారి ఒంటి మీద కాదు.

ఈసారి కొలతలు తీసుకుని కాగితం మీద నమూనా గీద్దాం. ముందుగా పేరు గురించి కొంత చెప్పాలి. ఇది పక్కదారి కాదు, అసలు కొలత ఆ పేరులోనే ఉంది.

చొక్కా మీద తొడుక్కునే ఈ చేతుల్లేని పొట్టి కోటును శ్రీకాకుళంలో మేము 'వేస్టు కోటు' అంటాం. నా దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లల్లో చాలామంది మొదట్లో దీన్ని మిగిలిన ముక్కలతో కుట్టే కోటు అనుకుంటారు. చెవికి అలాగే వినబడుతుంది మరి. కానీ ఇక్కడి 'వెయిస్ట్' అంటే నడుము. నడుము దగ్గర ఆగే కోటు కనుక నడుము కోటు. అందుకే ఈ పాఠాల్లో ఆ పేరే వాడుతున్నాను. పేరు పలికిన ప్రతిసారీ టేపు ఎక్కడ పట్టాలో గుర్తుకు రావాలని నా కోరిక.

ఇంగ్లీషులో ఆ మాట పాతది, మొదట్లో లోపల తొడుక్కునే బట్టకు వాడేవారు. పైకి కనబడే ఉడుపుగా దీనికి గౌరవం దక్కింది ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ కాలంలో. 1666 సెప్టెంబరులో లండన్ నగరం తగలబడింది. ఆ మరుసటి నెలలోనే, ఇకమీదట తాను ఒకే తీరు దుస్తులు వేసుకుంటానని, ఆ తీరు ఎన్నటికీ మార్చనని రాజు సభలో ప్రకటించాడు. శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళ ఉద్యోగి ఆ ముచ్చట అక్టోబరు 8న తన దినచర్యలో రాసుకున్నాడు. అదే నెలలో రాజు ఆ ఉడుపులో కనబడితే, అది పారశీక పద్ధతి అని జాన్ ఎవెలిన్ అనే మరొకరు రాసిపెట్టారు. అప్పట్లో అది మోకాళ్ల దాకా వేలాడే పొడుగు బట్ట. ఆ తర్వాత నూరేళ్లకు పైగా కొంచెం కొంచెంగా పొట్టిదై, చేతులు పోగొట్టుకుని, నడుము దగ్గరికి వచ్చి నిలిచింది.

ఈ బట్టల పేర్లు ఊళ్లు తిరిగే కొద్దీ ఒంట్లో చోటు మార్చుకుంటాయి. అమెరికాలో 'వెస్ట్' అంటే మనం ఇప్పుడు కుట్టబోయే కోటే. మన దగ్గర అదే మాటకు అర్థం బనియను. బనియను అనే మాటేమో గుజరాతీ వర్తకుల పేరు నుంచి పుట్టింది, దాని మూలంలో ఉన్నది మన 'వణిజుడు'లోని ధాతువే. జాకెట్టు సంగతి చెప్పనే అక్కరలేదు. 'జాకెట్టు కుట్టాలి' అంటూ మగవారు దుకాణం గుమ్మం ఎక్కితే, నెహ్రూ జాకెట్టా, ఇంట్లోవాళ్ల రవికా అని అడిగి తెలుసుకున్నాకే టేపు తీయాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నడుము ఎక్కడుంది?

అద్దం ముందు నిలబడి చేతులు నడుము మీద పెట్టుకోండి అంటే పదిమందిలో ఎనిమిదిమంది ప్యాంటు పట్టీ మీద పెట్టుకుంటారు. అది నడుము కాదు, మొల. తెలుగులో ఈ రెంటికీ రెండు మాటలున్నాయి, ఆ తేడా కుట్టుపనివాళ్లకు పెద్ద వరం. మొలతాడు కట్టేది మొలకు. నడుము దానికి పైన, ఒళ్లు ఇరుకయ్యే చోట ఉంటుంది. 'నడుమ' అన్న మాటతో దానికి చుట్టరికం ఉంది, పైభాగానికీ కింది భాగానికీ నడుమ ఉన్నది కనుక. పక్కకు వంగి చూడండి, చర్మం మడత పడే చోటే నడుము. చాలామందికి అది బొడ్డుకు కొంచెం పైన వస్తుంది. పొట్ట ఉన్నవారికి ఇరుకు చోటు కంటికి దొరకదు, అప్పుడు ఆ మడతనే నమ్మాలి.

పాత ఫోటోల్లోని పెద్దలు ప్యాంటును నడుము మీదే వేసుకునేవారు. కోటు నడుము దాటి నాలుగు వేళ్లు దిగితే చాలు, చొక్కా కనబడేది కాదు. ఇప్పుడు ప్యాంట్లు మొలకు దిగిపోయాయి. కోటు పాత పొడవే ఉంచితే, కోటు అంచుకూ ప్యాంటు పట్టీకీ మధ్య చొక్కా తెల్లగా ఉబికి కనబడుతుంది. చేతులెత్తితే ఇంకా పైకి లేస్తుంది.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పెళ్లికొడుక్కి ఇలాంటి కోటే కుట్టాను. ఛాతీ దగ్గర చక్కగా అమరింది, భుజాలు అమరాయి. పెళ్లినాడు తలంబ్రాలు పోయడానికి ఆ అబ్బాయి చేతులెత్తగానే కోటు జానెడు పైకి పోయింది. వచ్చినవాళ్లెవరూ పట్టించుకోలేదేమో కానీ, నాకు మాత్రం భోజనం సయించలేదు. మర్నాడు మా గురువుగారు నా కొలతల పుస్తకం తిప్పి చూసి ఒక్క మాటే అన్నారు: "నడుము కొలవమంటే మొల కొలిచావురా." మొల కొలతను నడుము గీత మీద పెట్టాను కనుక కోటు నొక్కులు (గుడ్డను ఇరుకు చేయడానికి వేసే మడతలు) మొల దగ్గర పడ్డాయి, అవి తుంటి మీద నిలవలేక పైకి జారాయి. పొడవు తక్కువైంది అనుకున్న తప్పు నిజానికి నొక్కు పడిన చోటులో ఉంది.

కాబట్టి టేపు తీసేముందు ఒక దారం తీసుకుని నడుముకు కట్టండి. చొక్కా మీదే కట్టండి, కోటు వేసుకునేది చొక్కా మీదే. దారం బిగించొద్దు, ఊపిరి పీల్చి వదిలితే అది తన చోటు తానే చూసుకుంటుంది. ఆ దారం విప్పకుండానే కొలతలన్నీ తీయాలి.

ఛాతీ చుట్టూ, దారం మీదుగా నడుము చుట్టూ, భుజం నుంచి భుజం, మెడ వెనక ఎముక నుంచి దారం దాకా పొడవు, దారం నుంచి ప్యాంటు పట్టీ పై అంచు దాకా దూరం. ఈ ఐదే కొలతలు. చివరిది కొలిచేటప్పుడు ప్యాంటు రోజూ ఎక్కడ వేసుకుంటారో అక్కడే ఉండాలి, మీరు టేపు పట్టారని పైకి లాక్కోనివ్వకండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఛాతీ 36, నడుము 32, భుజం 17, మెడ నుంచి నడుము 16½, నడుము నుంచి పట్టీ 3 అంగుళాలు. పట్టీని కోటు ఇంకో 2 అంగుళాలు కప్పాలి కనుక, వెనక పొడవు 16½, 3, 2 కలిపితే 21½. కోటు ముందు భాగంలో కిందికి దిగే రెండు మొనలు ఇంకో 2½ దిగుతాయి కనుక అక్కడ 24.

బ్రౌన్ కాగితం పరిచి మొదట వెనక ముక్క గీయండి. ఎడమ పక్క నిలువుగీత వెన్నుగీత. దాని పై చివర సున్న. అక్కడి నుంచి 9½ దగ్గర ఛాతీ గీత (ఛాతీలో పావు 9, దానికి అర కలిపాం, చొక్కా చేయి నలగకుండా చంక కొంచెం లోతుగా ఉండాలి), 16½ దగ్గర నడుము గీత, 21½ దగ్గర అంచు గీత అడ్డంగా గీయండి. నడుము గీతను ఎర్ర పెన్సిలుతో గీయమని నా సలహా.

మెడకు సున్న నుంచి అడ్డంగా 3, అక్కడ ముప్పావు పైకి లేపి, సున్నకు ఒంపుగా కలపండి. భుజం చివర అడ్డంగా 7¼, సున్నకు అర అంగుళం కింద. భుజంలో సగం 8½ కదా, 1¼ ఎందుకు తగ్గించామంటే, ఈ కోటు భుజం చొక్కా భుజం కన్నా లోపలే ఆగాలి. అంచుదాకా పోతే చేయి కదిపినప్పుడల్లా ముడుచుకుంటుంది. చంక ఒంపు సగం ఎత్తులో వెన్నుగీత నుంచి 7 దగ్గర నడిచి, ఛాతీ గీత మీద 9½ దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి పక్క గీత నడుము దగ్గర అర అంగుళం లోపలికి వచ్చి 9ని తాకి, అంచు దగ్గర మళ్లీ 9½కి వెళుతుంది. ఇంకో అర అంగుళం నడుము గీత మీద టక్కుగా, అంటే మడిచి కుట్టే నొక్కుగా, పోతుంది. అప్పుడు నడుము పావు 8½ అవుతుంది, నాలుగు పావులకు 34. తొడిగేవారి నడుము 32 కనుక 2 అంగుళాల సడలు మిగిలింది, అది చాలు.

ముందు ముక్క ఇదే కొలతలతో, నాలుగు తేడాలతో గీస్తాం. చంక ఒంపు సగం ఎత్తులో 6½ దాకా లోపలికి తవ్వాలి. మధ్యగీతకు (వెన్నుగీత స్థానంలో ఉండే గీతకు) బయట గుండీల కోసం ముప్పావు అంగుళం పట్టీ వదలాలి. మెడ కోత భుజం నుంచి ఆ పట్టీ అంచు మీద 11 దగ్గరికి తిన్నగా దిగుతుంది. పట్టీ అంచు 22 దాకా నిలువుగా వచ్చి, అక్కడి నుంచి లోపలివైపు వాలుతూ మొనకు, అంటే మధ్యగీత నుంచి 2½ లోపల 24 లోతుకు చేరుతుంది. మొన నుంచి పక్కకు 21½కి ఎక్కుతుంది.

గుండీలు ఐదు: 11½, 14, 16½, 19, 21½. మూడో గుండీ సరిగ్గా ఎర్రగీత మీద పడిందని గమనించండి. లాగుడంతా ఉండేది అక్కడే, కనుక అక్కడొక గుండీ ఉండి తీరాలి. మీ కొలతల్లో నడుము వేరేచోట పడితే, ముందు ఆ గుండీని పెట్టి, మిగతావాటిని దాని నుంచి పైకీ కిందికీ లెక్కించండి. చివరి గుండీ పెట్టుకోకుండా వదిలేయడం ఆనవాయితీ. ఏడో ఎడ్వర్డు రాజు పొట్ట వల్ల అలా వదిలాడని, అందరూ అనుసరించారని కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా, కూర్చున్నప్పుడు అది విప్పి ఉంటేనే మొనలు సర్దుకుంటాయి.

ఇదంతా కుట్టు మార్జిను లేని కొలత. భుజాలకూ పక్కలకూ ముప్పావు, మిగతా చోట్ల పావు వదిలి కత్తిరించండి. 36 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డయితే ముందు ముక్కలు రెండూ ముప్పావు మీటరులో వస్తాయి. వెనక ముక్కకూ లోపలి అస్తరుకూ కలిపి ఒకటిన్నర మీటరు వేరే గుడ్డ తీసుకోండి. పాతకాలంలో కూడా ముందుకే ఖరీదైన బట్ట, పై కోటు కింద దాగిపోయే వెనకకు సాదా బట్ట వేసేవారు. మన ఉక్కపోతకు ఆ పద్ధతి ఇంకా నయం. ముందుకు మందపాటి ఖద్దరు వేసి, వెనకకూ అస్తరుకూ పొందూరు సన్నఖాదీ వేయండి. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, నూరు కౌంటు (నూలు సన్నదనపు కొలత) దాటిన నూలు వడికే ఊరు మన జిల్లాలోనే ఉంది. ఆ గుడ్డ చొక్కా మీద ఉన్నట్టే ఉండదు, గాలి ఆడుతుంది. కొందరు అంత మంచి గుడ్డను లోపల దాస్తారా అంటారు. ఒంటికి దగ్గరగా ఉండేదానికే మంచి గుడ్డ వేయాలని నా పట్టు. పాలిస్టర్ అస్తరు మాత్రం మన వైశాఖంలో వద్దు.

ఖాదీని ఇప్పుడే ముట్టకండి. వచ్చే పాఠంలోగా ఒక పాత దుప్పటి మీద ఈ నమూనా కత్తిరించి, ఎర్రగీతను దాని మీదా గీసి, భుజాలూ పక్కలూ టక్కులూ కచ్చాకుట్టు వేయండి. తొడుక్కుని, నడుముకు మళ్లీ దారం కట్టి, ఆ గుడ్డ మీది ఎర్రగీత దారం కింద పడిందో లేదో చూడండి. తర్వాత రెండు చేతులూ పూర్తిగా పైకెత్తి, దించి, అద్దంలో చూసుకోండి. గీత దారం దగ్గరికే తిరిగి వస్తే నమూనా సరైంది. పైనే ఆగిపోతే టక్కు అర అంగుళం పైకి జరిపి మళ్లీ కుట్టండి, పొడవు పెంచకండి. సరైన నమూనా మీద పేరూ తేదీ రాసి మేకుకు తగిలించండి. జేబు నోరు కత్తిరించే పని వచ్చేసారి, దానికి పదునైన చిన్న కత్తెర సిద్ధం చేసుకోండి.