సౌదీకి ట్రైలర్ డ్రైవర్లుగా వస్తున్న తమ్ముళ్లకు

బండి తోలడం మీకు వచ్చు, దాని గురించి నేను చెప్పేదేం లేదు. నిజామాబాద్ నుంచి నాగ్‌పూర్ దాకా లోడు లారీ తోలినవాళ్లకి ఇక్కడి రోడ్డు వారంలో అలవాటైపోతుంది. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, కుడివైపు నడపాలి, మొదట్లో రౌండబౌట్ల దగ్గర బుర్ర తిరుగుతుంది, అంతే. మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా కాగితాల దగ్గర.

అన్నిటికన్నా ముందు వీసా మీద ఏ పని రాసుందో అరబీ చదవగలిగినవాళ్లతో చదివించుకోండి. 'సాయిక్ షాహినా' అంటే లారీ డ్రైవరు. 'సాయిక్ ఖాస్' అని ఉంటే అది హౌస్ డ్రైవర్ వీసా, కఫీల్ (మనల్ని పిలిపించుకున్న యజమాని) ఇంట్లో కారు తోలే పని. "వెళ్లాక మార్పిస్తాంలే" అంటాడు ఏజెంటు. నన్ను అలాగే తెచ్చారు. ఆరు నెలలు ఆ కాగితంతోనే ట్రైలర్ తోలాను, చెక్‌పోస్టు కనిపించిన ప్రతిసారీ కడుపులో తిప్పేది. పట్టుబడితే ఇంటికి పంపేసేది మనల్నే. పైగా హౌస్ డ్రైవర్ ఇంటి పనివాళ్ల లెక్కలోకి వస్తాడు కాబట్టి కంపెనీ కార్మికులకుండే ఓవర్‌టైమ్, సర్వీసు డబ్బు రూల్స్ వర్తించవు.

ఏజెంటు లైసెన్సు నంబరు మన ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసుకోండి. చట్టం ప్రకారం అతను తీసుకోవాల్సింది మహా అయితే 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడుగుతారని నాకూ తెలుసు, కానీ అసలు రేటు తెలిస్తే బేరమైనా ఆడొచ్చు. పది పాస్ కాకపోతే పాస్‌పోర్ట్ ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద ఉంటుంది, పనికి వెళ్లేముందు మన ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పదు, దాన్ని తప్పించడానికి విజిట్ వీసా మీద ఎక్కిస్తామంటే ఒప్పుకోవద్దు. 275 రూపాయలు కడితే రెండేళ్లకు 10 లక్షల ప్రమాద బీమా వస్తుంది, ప్రవాసీ భారతీయ బీమా యోజన. ఆ కాగితం ఒక కాపీ ఇంట్లో ఇచ్చి రండి.

దిగాక ఇకామా (ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు) కంపెనీ ఖర్చుతోనే చేయించాలి, మీ జీతంలో కోయకూడదు. పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గర పెట్టుకోవడం కూడా చట్టవిరుద్ధమే, అయినా చాలా కంపెనీలు లాకర్లో పెడతాయి, కనీసం ఫొటోలు తీసి ఇంటికి పంపండి. మీ పేరు మీద సిమ్ తీసుకుని, ఆ నంబరుతోనే అబ్షర్ (సౌదీ ప్రభుత్వ సేవల యాప్) తెరవండి. మా క్యాంపులో ఒకాయనకి కంపెనీ వాళ్లే వాళ్ల నంబరు పెట్టి తెరిచారు. సెలవు మీద ఇంటికి పోదామని ఎగ్జిట్ రీఎంట్రీ (వెళ్లి తిరిగి రావడానికి ఇచ్చే వీసా) అడిగితే అప్పుడు బయటపడ్డాయి ఆయన పేరు మీద ఉన్న జరిమానాలు, అందులో కొన్ని వేరేవాడు తోలిన బండివి. అందుకే బండి మారిన ప్రతిసారీ తేదీ, నంబర్ ప్లేటు ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి.

కివాలో (ఉద్యోగ ఒప్పందాలు పెట్టే సౌదీ ప్రభుత్వ వెబ్‌సైట్) ఒప్పందం ఓకే కొట్టేముందు బేసిక్ ఎంతో చూడండి. ట్రిప్పు డబ్బు కలిపి నోటిమాటగా చెప్పిన జీతం వేరు, అక్కడ రాసింది వేరు ఉంటుంది. వెళ్లిపోయేటప్పుడు సర్వీసు డబ్బు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం చొప్పున, రాసినదాని మీదే లెక్క కట్టాలని చూస్తారు.

రుక్సా (ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు) చేతికి రాకముందు యార్డు దాటి బండి బయటికి తీయకండి, మేనేజర్ ఎంత మొత్తుకున్నా సరే. లైసెన్సు లేకుండా గుద్దితే ఇన్సూరెన్స్ వాళ్లు కట్టిన డబ్బు మళ్లీ మన దగ్గరే వసూలు చేసుకోవచ్చు. మనిషి పోతే దియా (చనిపోయినవాళ్ల కుటుంబానికి కట్టే పరిహారం) లక్షల రియాళ్లలో ఉంటుంది, ఆ వ్యవహారం తేలేదాకా జైల్లోనే ఉండిపోయినవాళ్లున్నారు. బండి ఇస్తిమారా (రిజిస్ట్రేషన్ కార్డు), ఇన్సూరెన్స్ తేదీలు చూసుకున్నాకే తాళం తిప్పండి.

దమ్మామ్-రియాద్ రోడ్డు సుమారు 400 కిలోమీటర్లు, కార్లు 140 మీద పోతుంటాయి, మనకు 80. స్పీడు పట్టే సాహెర్ కెమెరా ఊరుకోదు. నిద్ర కన్నా నాకు ఒంటెలంటేనే భయం. కంచె తెగినచోట రోడ్డెక్కుతాయి. హెడ్‌లైట్ వెలుగు వాటి సన్నటి కాళ్ల మీద పడుతుంది, ఒళ్లంతా పైన చీకట్లో ఇసుక రంగులో కలిసిపోతుంది, నాలుగు కర్రలు నడిచొస్తున్నట్టుంటుంది, ఇదేంటబ్బా అనుకునేలోపు అద్దం దగ్గర ఉంటుంది. చీకటి పడ్డాక 80 కూడా ఎక్కువే.

మేలుకోవడానికని ఎవరైనా మాత్ర ఇస్తే, వాడు మన ఊరివాడైనా సరే, ముట్టుకోవద్దు. అది మత్తుమందు కేసు. సామాన్ల విషయంలో కూడా అంతే. చాలా ట్రైలర్ల పక్కన పెట్టె ఉంటుంది, స్టవ్వు, బియ్యం, కుక్కర్ అందులోనే, మధ్యాహ్నం బండి నీడన కూర్చుని వండుకుంటాం. అన్నీ ఇక్కడ దొరుకుతాయి, రియాద్‌లోని బత్తా బజారులో గోంగూర పచ్చడితో సహా. ఇంటి నుంచి మసాలా తెచ్చుకుంటానంటే తెచ్చుకోండి గానీ, అందులో గసగసాలు మాత్రం వేయొద్దని అమ్మకి ముందే చెప్పండి. ఇక్కడ అవి నిషేధం, ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు.