చివరి స్తంభం దాకా చేరని వోల్టేజీ

విశాఖ ఓడరేవులో ఒక బెర్తు (ఓడలు ఆగే చోటు) ఆధునికీకరణకు విద్యుత్ డ్రాయింగులు గీస్తున్నాను. చివరి హైమాస్టు (ఎత్తైన స్తంభం) దీపాలకు కేబుల్ పొడవు 290 మీటర్లని పాత డ్రాయింగులో ఉంది. 415 వోల్టులు, 40 ఆంపియర్లు, 35 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్. లెక్కలో వోల్టేజీ నష్టం, అంటే కేబుల్ దారిలో తగ్గిపోయే వోల్టేజీ, 5 శాతం లోపే. అయినా మనసు ఒప్పలేదు. టేపు పట్టుకుని కేబుల్ వెళ్లే ట్రెంచి (కాలువ) వెంట నడిచాను. క్రేన్ పట్టాలను చుట్టుకుని, ఉప్పుగాలికి తుప్పుపట్టి పొరలు లేచిన ఇనుప మూతల కిందుగా వెళ్లే అసలు దారి 410 మీటర్లు! డ్రాయింగులో ఉన్నది తిన్నని గీత మాత్రమే. ఆ పొడవుకు నష్టం దాదాపు 7 శాతం. చివరి దీపాల కింద రాత్రిపూట మనుషులు పనిచేస్తారు, అందుకే సర్దుకుపోలేదు. కేబుల్‌ను 70 చదరపు మిల్లీమీటర్లకు మార్చాను. నష్టం 4 శాతం లోపుకు దిగింది. లావు పెరిగింది కాబట్టి కేబుల్ షెడ్యూలులో (జాబితాలో) గ్లాండ్ల, అంటే కేబుల్ చివరలను బిగించి పట్టే అమరికల, సైజూ సరిచేశాను.