బ్రహ్మోత్సవాలకు ముందు పోస్టుల మీటరు చూసుకోండి

తిరుపతిలో లాడ్జీలకూ ట్రావెల్స్‌కూ బట్టల షాపులకూ పేజీలు నడిపేవాళ్లం చాలామందిమే ఉన్నాం. బ్రహ్మోత్సవాలు దగ్గర పడ్డాయంటే ఒక రోజు తలుపేసుకుని కూర్చుని, తొమ్మిది రోజుల పోస్టులూ షెడ్యూలింగ్ టూల్‌లో (చెప్పిన టైముకు దానంతటదే పోస్టు పెట్టే సాఫ్ట్‌వేర్) పడేసి హాయిగా ఉండేవాళ్లం. నెలకింత అని కట్టినన్నాళ్లు ఆ పద్ధతి నడిచింది. ఇప్పుడు కొన్ని టూల్స్‌లో, ముఖ్యంగా ఎక్స్‌కు (పాత పేరు ట్విట్టర్) పంపే పోస్టులకు, వాడినంతకు లెక్క. కరెంటు మీటరులాగా పోస్టు పోస్టుకూ తిరుగుతుంది.

బయటి సాఫ్ట్‌వేర్లు పోస్టులు పంపే దారిని ఏపీఐ అంటారు. 2023లో ట్విట్టర్ ఆ దారికి టోల్ గేటు పెట్టింది. చిన్నవాళ్ల ప్యాకేజీ అప్పుడు నెలకు 100 డాలర్లు, 2024లో 200 చేశారు. తర్వాత వాడినంతకే కట్టే పద్ధతీ వచ్చింది. టూల్ కంపెనీవాళ్లు ఆ ఖర్చు తమ జేబులోంచి పెట్టుకోరు కదా.

విడిగా ఒక పోస్టు రేటు చూస్తే చిన్నదే అనిపిస్తుంది. అక్కడే ఏమారుతాం. ఉదయం వాహనానికి రెండు, రాత్రి వాహనానికి రెండు, రోజుకు నాలుగు పోస్టులు అనుకోండి. మనకవి నాలుగే. అవే పోస్టులు నాలుగు అకౌంట్లకు వెళితే కొన్ని టూల్స్ లెక్కలో పదహారు. తొమ్మిది రోజులకు 144. అందుకని డబ్బు కట్టేముందు ధరల పేజీలో చూడాల్సింది రేటు కన్నా ముందు ఇది: వాళ్ల దృష్టిలో ‘ఒక పోస్టు’ అంటే ఏమిటి? అకౌంటుకొకటా? ఫెయిలైన పోస్టుకూ తీసుకుంటారా? తీసేసి మళ్లీ పెడితే రెండోసారి పడుతుందా? అక్కడ రాసి లేకపోతే మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఎక్స్‌లో మామూలు అకౌంటుకు 280 అక్షరాలే హద్దు. ఆ అక్షరాలు మనం చిన్నప్పుడు దిద్దుకున్న అక్షరాలు కావు. ప్రతి గుణింతం గుర్తూ, ఒత్తు వెనక దాగిన పొల్లూ దేనికదే ఒకటి. ‘శ్రీ’ అంటే మన కంటికి ఒక్కటి, దానికి నాలుగు. ‘బ్రహ్మోత్సవాలు’ మనకు ఐదక్షరాలు, దాని లెక్కలో పద్నాలుగు. ఇక శ్రీవారి సాలకట్ల బ్రహ్మోత్సవాల శుభాకాంక్షలతో మొదలుపెట్టి, లాడ్జి అడ్రసు దాకా వచ్చేసరికి 280 ఎప్పుడో దాటిపోతుంది. కొన్ని టూల్స్ అప్పుడు ఆపి అడగవు. పోస్టును రెండు ముక్కలు చేసి పంపేస్తాయి. ముక్కకో చార్జీ.

నిరుడు మా కస్టమర్ ఒకాయన, గాంధీ రోడ్డులో షాపు, బిల్లు చూసి ఫోన్ చేశాడు. “ఏంది సామీ, పెట్టింది ముప్పై ఆరు అంటివే, డెబ్బై రెండుకు లెక్క కట్టినారే?” తప్పు నాదే. శుభాకాంక్షలన్నీ ముక్కలై పోయాయి. అప్పటినుంచి ఎక్స్‌కు విడిగా పొట్టి పోస్టు రాస్తున్నాను. ఫేస్‌బుక్‌కు రాసింది అక్కడ అతికించను. లింకు ఎంత పొడుగైనా ఎక్స్ దాన్ని 23గానే లెక్కేస్తుంది కాబట్టి దాని పొడుగు గురించి టెన్షన్ అక్కర్లేదు.

టైమ్ జోన్ మాత్రం తప్పకుండా చూడండి. కొత్త టూల్‌లో అది యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక నడిచే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉండొచ్చు. సాయంత్రం ఆరున్నరకు అని పెట్టిన గరుడ సేవ పోస్టు మనకు అర్ధరాత్రి పన్నెండుకు పడుతుంది. దాన్ని తీసేసి మళ్లీ పెడితే మీటరు ఇంకోసారి తిరుగుతుంది. ముందు ఒకే ఒక్క పోస్టు పెట్టి, ఎన్నింటికి పడిందో, ఎంత కోశారో చూసి, ఆ తర్వాతే మిగతావి ఎక్కించండి.

ఖర్చుకు పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంటే పెట్టండి. అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు నేను పెట్టుకునే హద్దు. మరీ బిగించి పెడితే సరిగ్గా జనం నిండిన రోజే పోస్టులు ఆగిపోతాయి. ఆటో రీఛార్జ్‌ను నమ్మను. కార్డు నుంచి దానంతటదే డబ్బు పోవాలంటే బ్యాంకు 24 గంటల ముందు మెసేజ్ పంపాలి, 15,000 రూపాయలు దాటితే ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ అడగాలి అని రిజర్వు బ్యాంకు నియమం. గరుడ సేవ రాత్రి తొమ్మిదింటికి క్రెడిట్లు (టూల్‌లో ముందే కొనిపెట్టుకునే బ్యాలెన్స్) అయిపోతే ముందు రోజు మెసేజ్ ఎక్కడినుంచి వస్తుంది? పైగా డాలర్ల బిల్లు. కార్డులో విదేశీ చెల్లింపులు ఆన్ చేసి ఉన్నాయో లేదో చూసుకుని, కావలసిన క్రెడిట్లు వారం ముందే కొనిపెట్టుకోండి. మారకం చార్జీ, దాని మీద జీఎస్టీ కూడా కలిపి కస్టమరుకు ముందే చెప్పండి. తర్వాత చెబితే మొహం మాడుతుంది.

కొండ మీదినుంచి పోస్టులు పెట్టేవాళ్లకు ఒక మాట. మాడ వీధుల్లో జనం నిండాక నెట్ నత్తనడక నడుస్తుంది. చక్రం తిరుగుతూనే ఉంటే పోలేదనుకుని మళ్లీ నొక్కుతాం. తర్వాత చూస్తే మూడు పోయి ఉంటాయి. ఒకసారి నొక్కాక కాసేపు ఆగి, పేజీ తెరిచి చూడండి. నిజానికి లైవ్ పోస్టులకు టూల్ ఎందుకు? ఎక్స్ యాప్‌లోనే చేత్తో పెడితే పైసా పడదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు మెటా బిజినెస్ సూట్‌లో షెడ్యూలింగ్ ఉచితమే. ఒకటి రెండు పేజీలవాళ్లు దాంతో సరిపెట్టుకోవచ్చు. నాలాగా ఆరేడు లాడ్జీలు నెత్తిన వేసుకున్నవాళ్లకే ఈ టూల్ తిప్పలు.

చివరి రోజు చక్రస్నానం అయిన మర్నాడే టూల్‌లో పోస్టుల క్యూ తెరిచి, రిపీట్ పెట్టినవన్నీ ఆపేయండి. నేను ఒక ఏడు మరిచిపోయాను. దీపావళికి ఎవరో స్క్రీన్‌షాట్ పంపేదాకా తెలియలేదు, ‘గరుడ సేవకు రూములు సిద్ధం’ అని మా లాడ్జి పేజీ రోజూ పొద్దున్నే పిలుస్తూనే ఉందని.